ఇంట్లో కాక్‌టెయిల్ కలపడం ఎలా? డైకిరీతో మొదలుపెడదాం

డైకిరీ అంటే రమ్ము, నిమ్మరసం, పంచదార ఐసుతో కలిపే కాక్‌టెయిల్. నేను మొదటిసారి కలిపిన డైకిరీని తాగలేక సింకులో పారబోశాను. రమ్ము మంచిదే, నిమ్మకాయలు ఆ పొద్దున తెచ్చినవే. చేసిన తప్పులు రెండు. కొలవకుండా కంటికి తోచినంత పోశాను. ఫ్రీజర్‌లో చేపల కవరు పక్కన నాలుగు రోజులుగా ఉన్న ఐసు వేశాను. వారం తర్వాత అదే రమ్మును కొలిచి, కొత్త ఐసుతో కలిపితే, చేసింది నేనేనా అనిపించింది. అందుకే కాక్‌టెయిల్స్ నేర్పమని అడిగేవాళ్లకు పది సీసాలు కొనమని చెప్పను. ఒక సీసా వైట్ రమ్ము, నిమ్మకాయలు, పంచదార, బోలెడంత ఐసు చాలు.

ఇంకో మాట ముందే చెప్పాలి. తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ మద్యం కొనడానికి కనీస వయసు 21. తాగాక బండి తాళాలు ముట్టుకోవద్దు.

అసలు కాక్‌టెయిల్ అంటే ఏమిటి? 1806 మే 13న న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊళ్లో ఒక పత్రిక, పాఠకుడు ఇదే ప్రశ్న అడిగితే జవాబు రాసింది: ఏదో ఒక మద్యం, పంచదార, నీళ్లు, బిట్టర్స్ అనే చేదు ద్రవం. ఈరోజు ఓల్డ్ ఫ్యాషన్డ్ అని అమ్మేది అచ్చంగా ఇదే. దీనికంటే పాతది పంచ్. మద్యం, పులుపు, తీపి, నీళ్లు, మసాలా, ఈ అయిదూ కలుస్తాయి కాబట్టి మన 'పంచ' నుంచే ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది నమ్మకం. ఆ మాట ఇంగ్లిష్‌లో మొదట కనిపించేది 1632లో ఈస్టిండియా కంపెనీ మనిషి ఒకరు రాసిన ఉత్తరంలో. ఆ ఉత్తరం ఎవరికనుకున్నారు? పెట్టపోలిలో ఉన్న కంపెనీ వర్తకుడికి. పెట్టపోలి అంటే మన నిజాంపట్నమే!

ముందు సరంజామా

కొలత: బార్లలో జిగ్గర్ అనే రెండు మూతుల చిన్న కప్పు వాడతారు. మన పెగ్గు కొలత ఉన్నా సరిపోతుంది, స్మాల్ 30 మిల్లీలీటర్లు, లార్జ్ 60. అదీ లేకపోతే దగ్గు మందు సీసా మూత మీద వచ్చే గీతల కప్పును బాగా కడిగి వాడండి. నవ్వకండి, నేను ఏడాది పాటు దాంతోనే లాగించాను. పులుపు, తీపి విషయంలో 5 మిల్లీలీటర్ల తేడా కూడా నాలుకకు తెలిసిపోతుంది.

షుగర్ సిరప్: కప్పు పంచదార, కప్పు నీళ్లు. వేడి చేసి, పంచదార కరగగానే పొయ్యి ఆపేయాలి. మన చెయ్యి ఇక్కడే ఆగదు, అలవాటుగా తీగపాకం దాకా పట్టేస్తాం. పాకం వస్తే అది చల్లటి గ్లాసులో కలవకుండా అడుగున కూర్చుంటుంది. చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు నిలవుంటుంది.

నిమ్మరసం: ఈ విషయంలో మనం అదృష్టవంతులం. గూడూరు మార్కెట్ నుంచి వచ్చే పల్చటి తొక్క చిన్న నిమ్మకాయ డైకిరీకి బ్రహ్మాండంగా సరిపోతుంది. అమెరికా, యూరప్ వంటకాల్లో లెమన్ అని రాస్తే మాత్రం అది పెద్ద పసుపు కాయ, పులుపు కాస్త మెత్తగా ఉంటుంది. దాని బదులు మన నిమ్మ వాడితే కొలత కొంచెం తగ్గించండి. కాయను బల్ల మీద అరచేత్తో నొక్కి దొర్లించి, కోసి, మెల్లగా పిండండి. తొక్క నలిగేదాకా పిండితే చేదు దిగుతుంది. ఒక మాదిరి కాయకు 15 మిల్లీలీటర్ల దాకా వస్తుంది కాబట్టి గ్లాసుకు రెండు కాయలు లెక్కపెట్టుకోండి. సాయంత్రం పార్టీకి పొద్దున్నే పిండి పెట్టుకోవద్దు, ఆ తాజా వాసన పోతుంది.

ఐసు: చల్లబరచడం దాని సగం పనే, నీళ్లు కలపడం మిగతా సగం. కలిపిన గ్లాసులో సుమారు నాలుగో వంతు ఐసు కరిగి చేరిన నీళ్లే ఉంటాయి. ఆ నీళ్లకు చేపల వాసన ఉంటే రమ్ము ఎంత ఖరీదైనదైతే ఏం లాభం? మంచినీళ్లతో, పెద్ద ముక్కలుగా, మూత ఉన్న డబ్బాలో గడ్డకట్టించండి. వాడే నిమిషంలోనే బయటికి తీయండి. గిన్నెలో వేసి ఉంచిన తడి ఐసు తొందరగా కరిగి మొత్తం నీళ్లపాలు చేస్తుంది.

షేకర్ లేదా? మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా చాలు. వడగట్టడానికి టీ వడపోత.

డైకిరీ

1. వెడల్పు మూతి గ్లాసును పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి.

2. షేకర్‌లో 25 మిల్లీలీటర్ల నిమ్మరసం, 20 మిల్లీలీటర్ల సిరప్, తర్వాత 60 మిల్లీలీటర్ల వైట్ రమ్ము పోయండి. చవకవి ముందు పోస్తే, కొలత తప్పినా రమ్ము వృథా కాదు.

3. మూడు వంతుల్లో రెండు వంతులు నిండేలా ఐసు వేసి మూత బిగించండి. రెండు చేతులతో పట్టుకుని భుజం మీదుగా పన్నెండు, పదిహేను సెకన్లు గట్టిగా ఊపండి. మొదట ఐసు ముక్కలు డబడబమంటాయి. కాసేపటికి అంచులు విరిగి ఆ చప్పుడు సన్నబడుతుంది. స్టీలు మీద తెల్లగా మంచు పట్టి, వేళ్లు జివ్వుమంటే అయిపోయినట్టే. ఆ సరికి లోపల చల్లదనం సున్నా డిగ్రీల కిందికి దిగి ఉంటుంది.

4. వడగట్టి గ్లాసులో పోయండి. పైన పల్చటి నురగ నిలవాలి.

5. ఇప్పుడు రుచి చూడండి. పులుపుకు దవడలు లాగేస్తుంటే తర్వాతి గ్లాసులో సిరప్ 5 మిల్లీలీటర్లు పెంచండి. షర్బత్‌లా తియ్యగా ఉంటే తగ్గించండి. నిమ్మకాయ పులుపు కాయకో తీరు, అందుకే నేను రాసిన అంకెలే వేదం అనుకోవద్దు.

డైకిరీ అన్నది క్యూబాలో సాంటియాగో దగ్గరున్న ఒక ఊరి పేరు. అక్కడి ఇనుప గనుల్లో పనిచేసిన అమెరికన్ ఇంజినీరు జెన్నింగ్స్ కాక్స్ 1900కి కాస్త అటూఇటుగా దీన్ని కలిపాడని చెప్తారు. ఎండ, చెరుకు, నిమ్మ ఉన్న చోట ఎవరికైనా తట్టే ఆలోచనే అనిపిస్తుంది నాకు.

ఇది చేతికొస్తే సగం మెనూ వచ్చినట్టే. రమ్ము బదులు జిన్ను పోస్తే గిమ్లెట్. 45 మిల్లీలీటర్ల బర్బన్ (అమెరికన్ మొక్కజొన్న విస్కీ), నిమ్మరసం, సిరప్ చెరో 20 అయితే విస్కీ సార్. సిరప్ తీసేసి ఆరెంజ్ లిక్కర్ (నారింజ రుచి ఉన్న తియ్యటి మద్యం) పెడితే మార్గరీటా: మెక్సికో మద్యమైన టెకీలా 50, ఆరెంజ్ లిక్కర్ 20, నిమ్మరసం 15. గ్లాసు అంచుకు ఉప్పు సగం మేరే అద్దండి, వద్దనుకున్నవాళ్లు రెండో వైపు నుంచి తాగుతారు. రమ్ము, నిమ్మ, పంచదారకు పుదీనా, సోడా తోడైతే మొహీటో. పుదీనాను మెల్లగా అదమాలి, రోట్లో పచ్చడిలా నూరితే గడ్డి వాసన వస్తుంది. సోడాను చివర్లో గ్లాసులోనే పోయాలి. నేను ఒకసారి తెలియక సోడాతో సహా ఊపాను. మూత ఎగిరి సీలింగ్‌కి తగిలింది, పుదీనా ఆకు మరకొకటి ఇప్పటికీ అక్కడే ఉంది.

ఊపకూడనివి

నిమ్మరసం, క్రీము, గుడ్డు తెల్లసొన ఉంటే ఊపాలి. అంతా మద్యమే అయితే గరిటెతో తిప్పాలి. ఊపితే గాలి బుడగలు చేరి మసకబారుతుంది, నోట్లో ఆ నునుపు పోతుంది. పొడవాటి చెంచా వీపును గ్లాసు గోడకు ఆనించి, చప్పుడు రాకుండా అర నిమిషం తిప్పండి.

ఓల్డ్ ఫ్యాషన్డ్‌కి 60 మిల్లీలీటర్ల బర్బన్, 5 సిరప్, రెండు మూడు చుక్కల అంగోస్తురా బిట్టర్స్. బిట్టర్స్ అంటే వేర్లు, బెరళ్లు, మసాలాలు ఊరబెట్టిన చేదు ద్రవం, వంటలో ఇంగువలా చిటికెడు చాలు. 1824లో వెనిజులాలోని అంగోస్తురా పట్టణంలో యోహాన్ సీగర్ట్ అనే డాక్టరు దీన్ని మందుగా తయారుచేశాడు. చివర్లో నారింజ తొక్కను తెల్ల పొర లేకుండా బొటనవేలంత కోసి, రంగు వైపు గ్లాసుకేసి పెట్టి మడవండి. సన్నటి నూనె తుంపర పైన పడుతుంది. మొదటి గుటక కంటే ముందు ముక్కుకు తగిలే వాసన అదే.

నెగ్రోనీ మరీ తేలిక: జిన్ను, కాంపారి (ఎర్రటి, చేదైన ఇటలీ మద్యం), స్వీట్ వెర్మూత్ తలా 30. ఫ్లోరెన్స్‌లో 1919 ప్రాంతంలో పుట్టిందంటారు. కాకరకాయ వేపుడు ఇష్టపడేవాళ్లకు వెంటనే నచ్చుతుంది, మిగతావాళ్లకు మూడో గ్లాసు దాకా ఓపిక కావాలి, అదీ వేర్వేరు రోజుల్లో. వెర్మూత్ ఒక రకం వైన్, మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టి నెల రెండు నెలల్లో అవగొట్టండి. బీరువాలో ఏడాది దాచిన వెర్మూత్‌తో మార్టినీ చేసి, మార్టినీయే బాగోదనేవాళ్లు నాకు చాలామంది తెలుసు. 60 జిన్ను, 10 డ్రై వెర్మూత్, బాగా చల్లటి గ్లాసు, ఒక ఆలివ్, అంతే. దాంట్లో తప్పు దాచడానికి పులుపూ లేదు, తీపీ లేదు. దాన్ని ఆఖర్న నేర్చుకోండి.

ఆరుగురు వస్తున్నారంటే నెగ్రోనీని ముందే కలిపేయొచ్చు. మూడూ 180 చొప్పున, ఐసు చేసే పనికి బదులు 120 మిల్లీలీటర్ల మంచినీళ్లు, 750 మిల్లీలీటర్ల సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. వచ్చినవాళ్లలో కారు నడిపేవాళ్లకు డైకిరీలోని నిమ్మరసం, సిరప్‌లనే పొడవు గ్లాసులో ఐసు మీద పోసి సోడాతో నింపి, రెండు చుక్కలు అల్లం రసం వేసివ్వండి. మా ఇంట్లో ముందు ఖాళీ అయ్యే జగ్గు అదే.