దేవునిగుట్ట ఎక్కేముందు: రాతి గుడిని అతుకుల నుంచి చదవడం

ములుగు జిల్లాలో కొత్తూరు అనే పల్లె దగ్గరి దేవునిగుట్ట మీద, చెట్లూ బండలూ తప్ప మరేమీ లేని చోట, ఇసుకరాతి దిమ్మలను ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన చిన్న గుడి ఒకటి నిలిచి ఉంది. కాకతీయుల కాలానికి కొన్ని వందల ఏళ్ల ముందటిదని పరిశోధకులు భావించే ఈ గుడికి లోపలి గోడల మీదా బయటి గోడల మీదా శిల్పాలు ఉన్నాయి. అవి బౌద్ధానికి చెందినవని కొందరు, దక్షిణామూర్తి రూపాలని మరికొందరు వాదిస్తూ వచ్చారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఈ వాదాన్నే మనసులో పెట్టుకొని, కనిపించిన ప్రతి ముఖాన్నీ ఫోటో తీసుకొని దిగి వచ్చాను. తీరా ఇంటికి వచ్చాక, "సున్నం లేకుండా ఆ గోడ ఎట్లా నిలబడ్డది, చిన్నబాపూ?" అని మా అన్న కొడుకు అడిగితే ఒక్క మాటా చెప్పలేకపోయాను. శిల్పాలను చూశానే గాని, రాయికీ రాయికీ నడుమ ఉన్న అతుకును చూడలేదు.

ఆ తర్వాత నేను పాటిస్తున్న పద్ధతి ఇది. గుట్ట మీది మారుమూల కట్టడానికి వెళ్లేముందు, సులభంగా చేరగలిగిన చోట్ల అతుకులను చూడడం నేర్చుకోవాలి. వరంగల్ వాసులకు ఈ విషయంలో గొప్ప వెసులుబాటు ఉంది. గ్రానైట్, డోలరైట్, ఇసుకరాయి అనే మూడు రకాల రాతిపనీ ఒకటి రెండు రోజుల్లో చూడగలిగిన దూరంలోనే ఉంది.

మొదటి పాఠం ఖిలా వరంగల్ రాతి గోడ దగ్గర మొదలుపెట్టండి. నాలుగు తోరణాల దగ్గరికి తర్వాత వెళ్లవచ్చు. వాటి ముందు నిలబడితే చూపు చెక్కడాల మీదికే పోతుంది. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి కాలంలో ఎత్తు పెరిగిందని చెప్పే ఈ గోడ, సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసం ఉన్న వలయంగా కోటను చుట్టి ఉంది. పెద్ద పెద్ద గ్రానైట్ దిమ్మలను సున్నం లేకుండానే పేర్చారు. కనీసం గంటసేపు ఒకే చోట నిలబడి, నాలుగడుగుల వెడల్పు గోడను మాత్రమే చూడండి. ముందుగా అడ్డ వరుసలను లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకోవాలి. తర్వాత నిలువు అతుకులను గమనించాలి: కింది వరుసలోని అతుకు మీద పై వరుసలోని రాయి నడుమభాగం కూర్చున్నదా, లేక రెండు మూడు వరుసల అతుకులు ఒకే గీతగా కిందికి దిగుతున్నాయా? మొదటిది తెలిసిన పనివాడి చేయి. రెండోది కనిపిస్తే, అక్కడ గోడ ఎప్పుడో కూలి తిరిగి పేర్చారేమోనని అనుమానించవచ్చు. దారానికి చిన్న రాయి కట్టి గోడ పక్కన వేలాడదీస్తే, గోడ నిట్టనిలువుగా ఉన్నదో లోపలికి వాలి ఉన్నదో తెలుస్తుంది. ఒక దిమ్మ అంచున వరుసగా చిన్న గుంటలు కనబడితే వాటిని శిల్పమని పొరబడవద్దు. బండను చీల్చడానికి కొట్టిన గుంటలు అవి. ఆ గుంటల్లో ఎండు కొయ్య మేకులు దిగగొట్టి నీళ్లతో తడిపితే, కొయ్య ఉబ్బి బండ ఆ గీత వెంట విచ్చుకుంటుందని పాతకాలపు పద్ధతి గురించి చెబుతారు. ఇప్పటికీ గుట్టల దగ్గర రాయి కొట్టే వడ్డెర పనివారిని అడిగితే, బండను తట్టి చూసి అది ఎటు చీలుతుందో చెబుతారు. ఈ విషయంలో వాళ్లకు మించిన గురువులు లేరు.

హనుమకొండలోని వేయిస్తంభాల గుడిలో చూడవలసింది వేరు. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఈ గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పడం మొదలుపెట్టి, రాళ్లకు అంకెలు వేసి, పునాదిని పటిష్ఠపరచి, తిరిగి నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. రాతి కట్టడాన్ని విప్పి మళ్లీ పేర్చవచ్చన్న మాటకు మన దగ్గరే ఉన్న మంచి ఉదాహరణ ఇది. స్తంభం ఒకే రాయి కాదని, పీఠం, కాండం, దిమ్మ, పైన దూలాన్ని మోసే బోదిక అన్నీ విడివిడి ముక్కలని ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది. ఆ ముక్కలు కలిసే గీతలను వేలితో తాకకుండా, చూపుతో మాత్రమే వెంబడించండి.

రామప్ప గుడికి మాత్రం ఒక పూట కేటాయించాలి. హనుమకొండ నుంచి ములుగు వైపు జాతీయ రహదారిలో వెళుతూ, మేడారం పోయే భక్తులందరిలాగే గట్టమ్మ గుడి దగ్గర ఒక్క నిమిషం ఆగి, అక్కడి నుంచి రామప్ప ఉన్న పాలంపేట చేరుకోవచ్చు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అందరూ నీటి మీద తేలే ఇటుకల గురించే మాట్లాడతారు. శిఖరం బరువు తగ్గించడానికి లోపల సన్నని బెజ్జాలుండే ఇటుకలను వాడడం నిజంగా గొప్ప ఆలోచనే గాని, నేల మీద నిలబడి చూసేవారికి అది కనబడదు. కనబడేవి రెండు రకాల రాళ్లు. గోడలకు ఎరుపు ఛాయ ఉన్న ఇసుకరాయిని, చూరు కింది స్త్రీమూర్తులైన మదనికలకూ లోపలి స్తంభాలకూ నల్లని డోలరైట్‌ను వాడారు. ఒక రాయి పక్కన మరొక రాయిని పెట్టి చూసే అవకాశం ఇక్కడ దొరుకుతుంది. డోలరైట్ గట్టిది, నున్నగా సాన పడితే అద్దంలా మెరుస్తుంది, దారం పట్టే సందు కూడా అందులో తొలచవచ్చు. ఇసుకరాయి మెత్తగా చెక్కుబడుతుంది గాని, వానకూ గాలికీ రేణువులుగా రాలిపోతుంది. మండపం నేల అక్కడక్కడా కుంగి ఎగుడుదిగుడుగా ఉండడాన్ని కూడా గమనించండి. పునాది కింద ఇసుక నింపే పద్ధతి వల్ల, నేల కదిలినా కట్టడం ఒక్కసారిగా విరగకుండా కొంత సర్దుకుంటుందని ఇంజనీర్లు చెబుతారు. సర్దుకున్న చోట అతుకులు ఎలా తెరుచుకున్నాయో చూస్తే ఆ మాట అర్థమవుతుంది.

గుట్టల్లో తిరిగేవారు చేసే ఒక పొరపాటును ఇక్కడే చెప్పాలి. రేగొండ దగ్గరి పాండవుల గుట్ట వంటి చోట్ల, ఇసుకరాతి పొరలు అడ్డంగా, పగుళ్లు నిలువుగా ఉండడంతో, మనుషులు పేర్చిన గోడలాగే కనబడతాయి. పాండవులు కట్టారన్న కథ పుట్టడంలో వింత లేదు. తేడా తెలుసుకోవడానికి పగులును వెంబడించండి. సహజమైన పగులు నాలుగైదు పొరలను ఒకే గీతగా కోసుకుంటూ కిందికి పోతుంది, పొర గీత కూడా ఒక బండ నుంచి పక్క బండకు తెగకుండా సాగుతుంది. మనిషి పేర్చిన గోడలో వరుస మారినచోటల్లా నిలువు అతుకు పక్కకు జరుగుతుంది. పాండవుల గుట్టలో చూడవలసిన మనిషి పని గోడ కాదు, బండల నీడలో పూర్వులు ఎర్రరంగుతో వేసిన బొమ్మలు. వాటి మీద నీళ్లు చల్లి ఫోటో తీయవద్దు.

ఇప్పుడు దేవునిగుట్ట. వానాకాలంలో పాచి పట్టిన బండలు జారుతాయి, ఎండాకాలంలో పొద్దెక్కితే రాయి కాలుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. తెల్లవారగానే బయలుదేరితే, ఏటవాలు వెలుతురులో చెక్కడాల నీడలు తేలికగా కనిపిస్తాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పట్టు ఉన్న బూట్లు, కొలిచే టేపు, చిన్న టార్చి, నోటుపుస్తకం చాలు. ఒంటరిగా వెళ్లవద్దు. ఊళ్లో పెద్దవారెవరైనా కనబడితే, "తాతా, గుట్టకు తొవ్వ ఎటు?" అని అడిగి, వీలైతే తెలిసినవారిని వెంట తీసుకెళ్లండి. గూగుల్ మ్యాపు ఊరి దాకా తీసుకెళుతుంది, ఆపైన మనుషులే దిక్కు. ఊరివారికి అది నేటికీ దేవుడి చోటు కాబట్టి, గుడి ముందు చెప్పులు విడవడం మరువకూడదు.

పైకి చేరాక ఫోన్‌ను సంచిలోనే ఉంచి, గుడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. రెండో చుట్టులో వరుసలను లెక్కపెట్టి రాసుకోండి. మూడో చుట్టులో ఒక మూల దగ్గర ఆగి, రెండు గోడల రాళ్లు అక్కడ ఒకదాన్నొకటి ఎలా పట్టుకున్నాయో గీసుకోండి. బొమ్మ బాగా రావలసిన అవసరం లేదు. అప్పుడు శిల్పాలను చూడండి. ఒకే రూపం రెండు మూడు దిమ్మల మీద పరుచుకొని ఉండడం ఈ గుడి ప్రత్యేకత. ముఖం ఒక రాయిమీద, భుజం మరొక రాయిమీద ఉన్నప్పుడు, గీత అతుకు దాటి తెగకుండా సాగితే, రాళ్లను పేర్చిన తర్వాతే చెక్కారని భావించవచ్చు. గీత అతుకు దగ్గర మెట్టులా ఎగబాకితే, దిమ్మ తర్వాతి కాలంలో జరిగి ఉండాలి. శిల్పం ఎవరిదన్న వాదం కంటే ముందు ఈ చిన్న పరీక్ష చేయడం మంచిదని నా అభిప్రాయం.

కింద పడి ఉన్న దిమ్మను తిప్పి చూడాలనే కోరిక కలుగుతుంది. తిప్పవద్దు, పక్కకు జరపవద్దు. అది పడిన చోటే, ఎక్కడి నుంచి పడిందో చెప్పే ఆధారం. సుద్ద, పిండి, నూనె రాసి అక్షరాలను స్పష్టంగా చేసే అలవాటు కూడా ఇసుకరాయికి ప్రాణాంతకం. టార్చిని గోడకు ఆనించినంత దగ్గరగా పక్కనుంచి పట్టుకుంటే అదే ఫలితం వస్తుంది. గుడి చుట్టుపక్కల కొత్తగా తవ్విన గుంత కనబడితే, గుప్తనిధుల కోసం తవ్వేవారి పనే అయ్యే అవకాశం ఎక్కువ. దాని లోపలికి దిగకుండా దూరం నుంచి ఫోటో తీసి, గ్రామ పంచాయతీకీ దగ్గరి పోలీసు స్టేషన్‌కూ తెలియజేయండి. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతున్నది.

మధ్యాహ్నం మూడు దాటకముందే దిగడం మొదలుపెట్టండి, చెట్ల కింద చీకటి తొందరగా పడుతుంది. కొత్తూరు చేరగానే, టీ తాగే ముందే, నోటుపుస్తకం తెరిచి వరుసల లెక్కనూ మూల బొమ్మనూ ఖిలా వరంగల్‌లో రాసుకున్నవాటి పక్కన సరిచూసుకోండి. అర్థంకాని తేడా ఏదైనా కనబడితే, రెండోసారి వెళ్లినప్పుడు ఏ మూల నుంచి మొదలుపెట్టాలో అక్కడే రాసిపెట్టుకోండి.