వంకర తోక పిల్లని ఇంటికి తెచ్చుకునే ముందు

చీపురుపల్లిలో మాది చిన్న టిఫిన్ హోటలు. తెల్లారగట్ల నాలుగింటికి పొయ్యి వెలిగించేసరికి వీధిలో మెలకువగా ఉండేది నేనూ, పాలబండి అబ్బాయీ, కుక్కలూ. ఇడ్లీ పాత్ర మూత తీసిన వాసనకి అవి వచ్చి గుమ్మానికి పదడుగుల దూరంలో చతికిలబడతాయి. దగ్గరికి రావు, పొమ్మంటే పోవు.

మా చిన్నమ్మాయి గరివిడి వెటర్నరీ కాలేజీలో చదువుతోంది. సెలవుకి వచ్చినప్పుడు ఇది చూసి, "తోడేలు కుక్కయింది కూడా ఇలాగే అంటారే అమ్మా. మనుషులు పారేసిన ఎముకల కోసం వచ్చినవాటిలో బెదురు తక్కువున్నవి ఎక్కువ తిన్నాయి, ఎక్కువ పిల్లల్ని పెట్టాయి. కనీసం 15,000 ఏళ్ల కిందటి సంగతి" అంది. అది ఒక వాదనేనట, ఇంకా వేరేవి ఉన్నాయట. నాకు మాత్రం గుమ్మంలో కనిపిస్తున్నది అదే. ఆ మాట పట్టుకునే మా కుక్క చోడిని పెంచాను. చోడిపిండి, అంటే రాగిపిండి, రంగులో ఉంటుందని ఆ పేరు.

చోడికి ముందు ఒకటి ఉండేది. దాన్ని నిలబెట్టుకోలేకపోయాను, తప్పు నాదే. వానలో తడుస్తోందని, కళ్లు కూడా సరిగా విప్పని పిల్లని గంపలో వేసి తెచ్చీసినాను. ఆవుపాలు పట్టాను. మూడోరోజుకి నీళ్ల విరేచనాలు, నాలుగోరోజుకి లేదు. తల్లి మా సందులో మూలుగుతూ తిరగడం ఆ తరవాత చూశాను.

అందుకని మొదట చెప్పేది, తొందరపడకండి. కళ్లు విప్పడానికి రెండు వారాలు, తడబడుతూ నడవడానికి మూడు వారాలు పడుతుంది. ఏడెనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండనివ్వండి. ఈలోగా మీరు పోషించాల్సింది తల్లిని. రోజూ ఒకే వేళకి, ఒకే చోట దానికి అన్నం పెడితే పిల్లలకి పాలూ ఉంటాయి, మీ వాసనా అలవాటవుతుంది.

ఇక పిల్లని ఎంచడం. నాలుగు పిల్లలుంటే అందంగా ఉన్నదాన్ని ఎత్తుకొస్తాం కదా, అది వద్దు. నేల మీద పక్కకి తిరిగి కూర్చోండి, మీద వంగకండి, కళ్లలోకి గుచ్చి చూడకండి. చెయ్యి నేల మీద ఆనించి ఊరుకోండి. ఒకటి గోనె వెనక్కి దూరుతుంది, ఒకటి గుర్రుమంటుంది, ఒకటి వచ్చి వేలు వాసన చూస్తుంది. ఆ మూడోది మీది. చోడి వచ్చి నా చీర కుచ్చిళ్లు నమిలింది. దాంతో బేరం కుదిరిపోయింది.

సరిగ్గా ఇదే పని రష్యాలో నక్కలతో చేశారట. నోవోసిబిర్స్క్‌లో బెల్యాయెవ్ అనే ఆయన 1959లో మొదలుపెట్టాడు. చెయ్యి దగ్గరికి పెడితే పారిపోనివాటిని, కరవనివాటిని మాత్రమే ఎంచి, వాటికే పిల్లలు పుట్టించుకుంటూ పోయాడు. కొన్ని తరాలకే నక్కలు మనిషిని చూసి తోకాడించాయి. తరవాత కొన్నిటికి చెవులు వాలాయి, ఒంటి మీద తెల్ల మచ్చలొచ్చాయి, తోకలు వంకర తిరిగాయి. తోక చూసి ఎవరూ ఎంచలేదు, బెదురు పోతూంటే దాని వెంటే వంకరా వచ్చింది. కుక్క తోక వంకర అని మనం తిట్టుగా వాడతాం గానీ, తోడేలు తోక తిన్నగా కిందికే వేలాడుతుంది.

ఇంటికి తెచ్చిన రోజు తాడు కట్టకండి. అడుగున గోనె, పైన మీరు కట్టి విడిచిన పాత చీర వేసి, మీ మంచం పక్కనే పడుకోబెట్టండి. మొదటి మూడు రాత్రులు ఏడుస్తుంది. మా ఆయన రెండో రాత్రి "బయట పడీ" అని కేకలేశాడు, మూడో రాత్రి ఆయనే మంచం మీంచి చెయ్యి వేలాడేసి పడుకున్నాడు.

మూడో వారం నుంచి మూడో నెల దాకా కుక్కపిల్ల దేన్ని చూస్తే దానికి అలవాటు పడుతుంది. తోడేలు పిల్లకి ఆ గడువు ఇంకా ముందే ముగుస్తుంది. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో నేల మీద వదలకండి, ఒళ్లో పెట్టుకుని తిప్పండి. మా చోడికి రైలు కూత, మిక్సీ, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, బడికెళ్లే గుంటలు అన్నీ అలాగే చూపించాను. దీపావళికి ఇంట్లో హాయిగా నిద్రపోయింది.

పిలుపు నేర్పడం పెద్ద విద్య కాదు, పేరు పిలవండి, వస్తే ముద్ద పెట్టండి. అది మీ ముఖంలోకి చూసినప్పుడు మాత్రం పట్టించుకోండి. హంగరీలోని బుడాపెస్ట్‌లో శాస్త్రవేత్తలు తోడేలు పిల్లల్ని పుట్టిన కొద్దిరోజుల నుంచీ చేతులతో పెంచారు. తరవాత వాటికీ కుక్కలకీ తెరుచుకోని డబ్బాలో మాంసం పెట్టి ఇచ్చారు. తోడేళ్లు డబ్బాతోనే కుస్తీ పట్టాయి. కుక్కలు కాసేపు చూసి మనిషి ముఖంలోకి చూశాయి. బంతి బీరువా కిందికి పోయినప్పుడు చోడి అదే చేస్తుంది. అడిగినప్పుడు తీసిస్తే, ఇంకోసారి మిమ్మల్నే అడుగుతుంది. అన్నం తినేటప్పుడు కనుబొమ్మలెత్తి చూసే చూపుకి మాత్రం కరిగిపోవద్దు. ఆ బొమలెత్తే కండరం తోడేళ్లకి సరిగా లేదు, మన దగ్గర బతకడానికి కుక్కలు సంపాదించుకున్న ఆస్తి అది.

తిండి విషయంలో మనవాళ్లకి అనవసరపు భయం, అన్నం పెడితే బొచ్చు రాలుతుందని. పిండిపదార్థం అరిగించే జన్యువు తోడేలుకి 2 ప్రతులే, కుక్కకి 4 నుంచి 30 దాకా ఉంటాయని 2013లో తేల్చారు. అన్నం, ఉడికించిన గుడ్డు, కాస్త కోడిమాంసం, ఉప్పూ కారం లేకుండా పెట్టండి. నేను ఇడ్లీలో పెరుగు కలిపి పెడతాను. "ఏటప్పా, కుక్కకి ఇడ్లీలు, మాకు పలచటి సాంబారూనా" అని రోజూ వచ్చే ఒకాయన ఎకసెక్కం. ఆ సాంబారే కుక్కకి పొయ్యకూడదు. ఉల్లిపాయ వాటి రక్తాన్ని పాడుచేస్తుంది. చట్నీ, ఉప్మా కూడా అంతే. కిస్మిస్ పడిన ప్రసాదం వద్దు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఉడికిన కోడి ఎముక చీలికలై పేగుల్లో గుచ్చుకుంటుంది.

జర్మనీలో ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో ఒక సమాధి బయటపడింది. ఓ మగమనిషి, ఓ ఆడమనిషి, పక్కన ఏడు నెలల కుక్కపిల్ల. దాదాపు 14,000 ఏళ్ల నాటిది. పళ్లని పరీక్షిస్తే ఆ పిల్లకి డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు చేసిందనీ, ఎవరో వారాల తరబడి సాకబట్టే అంతకాలం బతికి ఉంటుందనీ పరిశోధకులు అంచనా వేశారు. మనకి ఇప్పుడు దానికి టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య డిస్టెంపర్‌కీ, వాంతులూ విరేచనాలూ పట్టుకునే పార్వో జబ్బుకీ మొదటి సూది వేయించి, మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేయించండి. మూడు నెలలు నిండాక రేబిస్ సూది, తరవాత డాక్టరు చెప్పినట్టు ఏటేటా. నులిపురుగుల మందు మూడు నెలలదాకా రెండు వారాలకోసారి. పెంపుడుదైనా, పిల్లదైనా పన్ను దిగితే పసుపూ కారం అద్దకండి. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

టీకాల కార్డు గ్యాస్ పుస్తకంలో పెట్టుకోండి. మేం పిండి డబ్బా మీద పెట్టాం, చోడి నమిలేసింది.