వానలు పడకముందే పొయ్యి వేసుకోండి, దానికంటే ముందు పొగకు దారి చూడండి

పెరట్లో మామిడిచెట్టు కింద వేసవంతా నిక్షేపంగా మండిన పొయ్యి, మొదటి వాన పడగానే వసారాలోకి వచ్చేస్తుంది. అటు రెండు ఇటుకలు, ఇటు రెండు ఇటుకలు పేర్చి, పైన చూరు ఎంత ఎత్తులో ఉందో చూడకుండానే అంటించేస్తాం. కోనసీమలో నా కళ్లతో చూసిన పొయ్యి ప్రమాదాలు దాదాపు అన్నీ ఈ హడావిడిలో జరిగినవే. అందుకే ఈ జాగ్రత్తలన్నీ మే నెలలో, ఇంకా ఎండ కాస్తుండగా చదవాల్సినవి. మృగశిర కార్తె వచ్చాక మట్టి ఆరదు, పుల్లలూ ఎండవు.

గ్యాసు ఉండగా ఇంకా కట్టెల పొయ్యి ఎందుకని అడిగేవాళ్లున్నారు. నీళ్లు కాచుకోవడానికి, పశువులకు ఉలవలు ఉడకబెట్టడానికి, అరిసెలు వండడానికి మన ఇళ్లలో అది ఇప్పటికీ ఉంది. కొబ్బరి దింపు తీసిన ప్రతిసారీ డొక్కలు (పీచు తొక్కలు), మట్టలు గుట్టగా పడి ఉంటే ఎవరూ వదులుకోరు కూడా. ఇక గోదావరి మధ్యలో ఉండే లంక ఊళ్లలో సంగతి వేరు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, 2022 జులైలో 25 లక్షలు దాటింది. అలాంటప్పుడు సిలిండరు బండి లంకలోకి రాదు, పొడిపుల్ల ఉన్న ఇంట్లోనే అన్నం ఉడుకుతుంది. కాబట్టి పొయ్యి మానేయమని నేను చెప్పను. సరిగ్గా వేసుకోమని మాత్రం బతిమాలుకుంటాను.

చోటు

ముందుగా తల పైకెత్తి చూడండి. తాటాకు గాని కొబ్బరి కమ్మలు గాని కప్పిన పాక అయితే దాని కింద బహిరంగంగా మండే పొయ్యి వద్దు, గొట్టం పెట్టినా వద్దు. ఎండు మట్టలు మండేటప్పుడు రవ్వలు ఎంత పైకి లేస్తాయో మనకు తెలియంది కాదు. డాబా ఇల్లయినా, వంటగదికి దింపిన రేకుల కప్పు కింద చెక్క వాసాలుంటాయి. పొయ్యికి అన్ని వైపులా 3 అడుగుల దూరంలో మంటంటుకునేది ఏదీ ఉండకూడదు. తడిక గోడ, గోనెసంచి, తలుపు రెక్క, దండెం మీది తుండుగుడ్డ, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఎన్నో ఏళ్లు సెగ తగిలిన కర్ర కొత్త కర్రకంటే తక్కువ వేడికే అంటుకుంటుంది. "మా నాన్న హయాం నుంచీ ఇక్కడే పొయ్యి, ఎప్పుడూ ఏమీ కాలేదు" అనే మాట నాకు ధైర్యం ఇవ్వదు, ఆ వాసం వయసు గుర్తుచేస్తుంది.

మన పాత ఇళ్లలో అటక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కురిడీ (ఎండు కొబ్బరి) కోసం కొబ్బరికాయలు నెలల తరబడి అటక మీదే ఉంటాయి. లోపల కొబ్బరి ఎండి నూనె పట్టి ఉంటుంది, పైన పీచు. ఆ అటక కింద పొయ్యి పెట్టడమంటే నూనె కుండ కింద నిప్పు పెట్టడమే. కాయలైనా మారాలి, పొయ్యైనా మారాలి.

గ్యాసు సిలిండరు ఉన్న గదిలో కట్టెల పొయ్యి వద్దేవద్దు. కారిన గ్యాసు గాలికంటే బరువు, నేలబారుగా పాకుతూ వచ్చి పొయ్యిలో నిప్పును అందుకుంటుంది. ఉన్నది ఒకటే వంటగది అయితే కట్టెల పొయ్యికి వసారాలోనో పెరటి సావిట్లోనో చోటు చూడండి.

మన నేలలో నాలుగు అడుగులు తవ్వితే నీళ్లు. నేల మీద నేరుగా వేసిన పొయ్యి వానాకాలమంతా చెమ్మ పీలుస్తూనే ఉంటుంది. ఇటుకలతో అడుగు, అడుగున్నర ఎత్తు అరుగు కట్టి దాని మీద వేయండి. మీ ఊళ్లో 2022 వరద ఎక్కడిదాకా వచ్చిందో గోడ మీద గుర్తు ఉంటే, కుదిరినంతవరకు అరుగు దానికి పైన ఉండాలి. సిమెంటు గచ్చు మీద, టైల్స్ మీద నేరుగా మంట పెట్టకండి. వేడికి అవి పేలి ముక్కలు కంట్లో పడతాయి. తడిసిన రాళ్లతో పొయ్యి పేర్చినా అదే గతి, లోపలి నీరు ఆవిరై రాయి పగులుతుంది.

గొట్టం ఉన్న ఇనప పొయ్యి బిగించడం

ఇప్పుడు టౌన్లలో విడి భాగాలుగా అమ్మే ఇనప పొయ్యిలు చాలామంది తెచ్చుకుంటున్నారు. కాళ్లు, జల్లెడ, బూడిద అర, గొట్టం ముక్కలు వేరువేరుగా వస్తాయి. కాళ్లు బిగించాక గిన్నె నిండా నీళ్లు పెట్టి ఊపి చూడండి. ఏ మాత్రం ఊగినా కాలి కింద పుల్ల పెట్టి సరిపెట్టకండి, అరుగునే చదును చేయండి. మరిగే ఎసరు ఒలికితే ముందు కాలేది పొయ్యి పక్కన తిరిగే పిల్లలే.

అసలు కష్టమంతా గొట్టంలోనే ఉంది. వేడి గాలి తేలిక కనుక పైకి లేస్తుంది, లేస్తూ వెనక నుంచి పొయ్యిలోకి కొత్త గాలిని లాగుతుంది. గొట్టం నిటారుగా, పొడవుగా, వెచ్చగా ఉన్నంతసేపూ ఈ లాగుడు బాగుంటుంది. వంపు పెరిగేకొద్దీ తగ్గుతుంది. కప్పును దాటిన చోటు నుంచి కనీసం 3 అడుగులు గొట్టం పైకి ఉండాలి. 10 అడుగుల లోపు కప్పులో దానికంటే ఎత్తైన భాగం ఉంటే, దానికి 2 అడుగులు పైన ఉండాలి. లేకపోతే సముద్రపు గాలి కప్పు మీదుగా దొర్లి వచ్చి పొగను తిరిగి లోపలికి నెడుతుంది. ఇంకోటి, మన దగ్గర మాత్రమే వచ్చే చిక్కు: గొట్టం తల మీదికి కొబ్బరిచెట్టు వంగి ఉందేమో చూడండి. వేలాడే ఎండు మట్టకు ఒక్క రవ్వ చాలు. చెట్టెక్కే మనిషి వచ్చినప్పుడు ఆ వైపు మట్టలు ముందు దింపించండి.

ముక్కలు కలిపేటప్పుడు చాలామంది తలకిందులు చేస్తారు. పై ముక్కను కింది ముక్క మీద టోపీలా తొడుగుతారు. పొయ్యి గొట్టానికి పై ముక్క కింది ముక్క లోపలికి దిగాలి. పొగలోని తారు లాంటి జిగట చల్లబడి గోడల వెంట కిందికి కారుతుంది. పై ముక్క లోపలికి ఉంటే ఆ జిగట లోలోపలే పొయ్యిలోకి దిగి కాలిపోతుంది, బయటికి ఉంటే అతుకు దగ్గర కారి గోడ మీద నల్ల చారలు కడుతుంది. ప్రతి అతుక్కీ మూడు స్క్రూలు బిగించండి. గొట్టానికీ కర్రకూ మధ్య అడుగున్నర ఎడం ఉండాలి. అంత చోటు లేకపోతే గోడకు అంగుళం ఎడంగా రేకు నిలబెట్టండి. ఆ సందులో గాలి ఆడుతుంటే గోడ చల్లగా ఉంటుంది. రేకును గోడకు అంటించి కొడితే ప్రయోజనం లేదు.

బోరు వేసినప్పుడు మిగిలిన పీవీసీ ముక్క ఉంది కదా అని పొగ గొట్టంగా వాడిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. అది కరిగి, మండి, విషపు పొగ ఇస్తుంది. జింకు పూత గొట్టాన్ని కూడా పొయ్యికి దగ్గరి ముక్కగా పెట్టకండి. అది బాగా కాలినప్పుడు వచ్చే పొగ పీలిస్తే ఒళ్లు వణికి జ్వరం వస్తుంది.

కప్పు సిమెంటు రేకులదైతే దాన్ని మెషీన్‌తో కోయించకండి. ఆ రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, కోసినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఏళ్ల తర్వాత క్యాన్సర్ కావచ్చు. గొట్టాన్ని ఇటుక గోడలోంచి బయటికి తీసి పైకి లేపండి. గోడ కన్నం గొట్టంకంటే పెద్దదిగా కొట్టించి, సందును మట్టితో పూడ్చండి, సిమెంటు వేడికి బీటలు తీస్తుంది. బయటి గొట్టం వానకు చల్లబడి లాగుడు కొంచెం తగ్గుతుంది గాని, దుమ్ము మింగడంకంటే అదే మేలు. గొట్టం తలకు టోపీ, దానికి పిచ్చుకలు దూరకుండా జాలీ పెట్టించండి.

అంతర్వేది, ఓడలరేవు లాంటి ఉప్పుగాలి ఊళ్లలో గొట్టం త్వరగా తుప్పు పడుతుంది. ఏటా మే నెలలో పుల్లతో తట్టి చూడండి. ఖణేల్‌మనాలి, బొదబొదమంటే మార్చేయండి.

మట్టి పొయ్యి వేసుకునేవాళ్లకు

మన ఒండ్రుమట్టి ఒట్టిగా వాడితే ఆరేటప్పుడు బీటలు తీస్తుంది. ఇసుక, ఊక కలిపి, కాళ్లతో తొక్కి, ఓ రాత్రి నాననిచ్చి వేయండి. ఎండలో కాదు, నీడన వారం పది రోజులు ఆరాలి. తర్వాత మూడు రోజులపాటు పూటకు గుప్పెడు పుల్లలతో చిన్న మంట. ఇలా చేసిన పొయ్యి గడ్డలు విరగవు, గిన్నె పక్కకు ఒరగదు.

కనిపించని గాలి

మా అక్క బాలింతగా ఉన్నప్పుడు శ్రావణమాసం ముసురు. గది వెచ్చగా ఉండాలని తలుపులు మూసి, కిటికీకి బరకం కట్టి, మంచం పక్కన కుంపటి పెట్టారు. బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి, పొగ బొత్తిగా లేదు. పొగ లేదు కనుక ఎవరికీ భయం కలగలేదు. గంట గడిచాక తలనొప్పి అంది, వాంతి వచ్చేలా ఉందంది, తర్వాత మగతగా పడుకుంది. బాలింతకు నీరసం మామూలే అనుకున్నారు. పక్కింటి అత్తయ్య వచ్చి తలుపు బార్లా తీసి, తల్లినీ పిల్లనూ వసారాలోకి తీసుకురాకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె జారిపోతుంది.

అది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థాన్ని అది ప్రాణవాయువుకంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, అందుకే కొంచెమే ఉన్నా మనిషిని పడగొడుతుంది. మంట ఆరి నిప్పులుగా మిగిలినప్పుడు ఇది బాగా పుడుతుంది. కాబట్టి పొగ ఆగిపోయిందంటే గండం గడిచిందని కాదు. కుంపటి పడకగదిలో పెట్టకండి. బిడ్డకు సాంబ్రాణి వేయాలంటే తలుపులు తెరిచి, రెండు నిమిషాలు వేసి, ఆ నిప్పులు బయటికి తీసుకుపొండి. స్నానాలగదిలో రాగి బాయిలర్ పెట్టుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దాన్ని గుమ్మం బయటికి మార్చండి, నీళ్లు బిందెతో మోసుకోవడం పెద్ద కష్టం కాదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైతే టిఫిన్ పడలేదేమో అనుకుంటూ కూర్చోవద్దు. అందరూ ముందు బయటికి, తర్వాత 108కి ఫోను.

గొట్టం ఉన్న పొయ్యికీ ఈ భయం ఉంది. జల్లు కొడుతోందని కిటికీలన్నిటికీ బరకాలు కట్టేస్తే లోపలికి గాలి రాదు, గాలి రాకపోతే పొగ పైకి పోదు. పొయ్యి గదిలో నేలకు దగ్గరగా చెయ్యి దూరేంత సందు ఎప్పుడూ తెరిచే ఉంచండి. అంటించే ముందు చిన్న పరీక్ష: ఒక కాగితం ముక్క పొయ్యిలో వెలిగించి గొట్టం వెచ్చబడనిచ్చి, అగరుబత్తి పొయ్యి నోటి దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి వెళితే సరే. మీ మొహం మీదికి వస్తే ఆ రోజు అక్కడ వండకండి, గొట్టంలో ఏం అడ్డుపడిందో చూడండి.

మొదటి మంట, ఆ తర్వాత

కొత్త ఇనప పొయ్యికి పూసిన రంగు మొదటి రెండు మూడు మంటల్లో ఘాటుగా కాలుతుంది. గొట్టం బిగించకముందే పెరట్లో ఆ పని కానిచ్చేయండి.

సరుగుడు కట్టె ఎండితే మంచి వంటచెరకు. డొక్కలు, చిప్పలు వేడెక్కువ ఇస్తాయి, పొయ్యి నిండా కూరకుండా రెండు మూడు వేయండి. పచ్చి పుల్ల పొగే తప్ప సెగ ఇవ్వదు, పైగా గొట్టంలో జిగట పేరుకునేది దానివల్లే. వానాకాలంలో నెలకోసారి గొట్టం విప్పి కొబ్బరి పీచు చుట్టిన వెదురుతో మసి దులపండి. దులపకపోతే ఏదో ఒకరోజు ఆ జిగట అంటుకుని గొట్టం హోరుమంటుంది. అప్పుడు నీళ్లు పోయకండి, పొయ్యి నోరు, బూడిద అర మూసి గాలి ఆపేసి, అందర్నీ బయటికి పంపి 101కి ఫోను చేయండి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్లాస్టిక్ సంచులు పొయ్యిలో వేయవద్దు. ఆరిపోతున్న నిప్పుల మీద కిరోసిన్ పోయడం మాత్రం చచ్చినా చేయకండి, ఆవిరి భగ్గున లేచి చేతిలో సీసాదాకా వస్తుంది.

పుల్లల మోపు నేల మీద కాకుండా మంచె మీద పెట్టండి. ముసురులో కట్లపాము, రక్తపింజరి పొడి చోటు వెతుక్కుంటూ అందులోనే చేరతాయి. చీకట్లో చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి, కర్రతో తట్టండి.

పొయ్యి దగ్గర నైలాన్ నైటీ, జారే పమిట వద్దు, నూలు బట్ట కట్టుకుని కొంగు నడుముకు దోపుకోండి. అరిసెల బాణలిలో నూనె అంటుకుంటే మూత వేసి పుల్లలు లాగేయండి, నీళ్లు చల్లితే మంట కప్పుకు ఎగురుతుంది. బూడిదలో నిప్పు మర్నాటిదాకా బతికే ఉంటుంది. ఇనప బకెట్లో ఎత్తి, నీళ్లు చల్లి, గడ్డిమేటుకు దూరంగా పారబోయండి. ఒళ్లు కాలితే 20 నిమిషాలు మామూలు నీళ్ల ధార కింద పెట్టండి. టూత్‌పేస్టు, సిరా, మంచుగడ్డ, ఏదీ వద్దు.

లంకల్లో ఉన్నవాళ్లకు చివరగా ఒక మాట. ధవళేశ్వరంలో నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు. బియ్యం, పప్పు ఎత్తు మీదికి చేర్చేటప్పుడు ఎండు పుల్లల మోపు ఒకటి, అగ్గిపెట్టె ప్లాస్టిక్ డబ్బాలో ఒకటి కూడా పైకి చేర్చండి. ఇనప పొయ్యి అయితే గొట్టం విప్పి డాబా మీద పెట్టండి. నీరు తీశాక, మునిగిన మట్టి పొయ్యిని వెంటనే పెద్ద మంటతో ఆరబెట్టాలని చూడకండి, పగిలిపోతుంది. గొట్టంలో చేరిన ఒండ్రు కడిగి, లోపల పాము గాని కప్ప గాని లేదని చూసుకుని, రెండు రోజులు గాలికి ఆరనిచ్చి, గుప్పెడు పుల్లలతో మళ్లీ చిన్న మంట నుంచే మొదలుపెట్టండి.