క్యాన్సర్ పేషెంటుకీ, తోడు వెళ్లేవారికీ రైలు రాయితీ: దరఖాస్తు ఎలా?

శ్రీకాకుళం నుంచి విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రికో, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, నెల్లూరు నుంచి చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కో కీమోకి వెళ్లినప్పుడల్లా భార్యాభర్తలిద్దరికీ టికెట్లు కావాలి. ఈ ఖర్చు తగ్గించే రైల్వే రాయితీకి ఆదాయ పరిమితి లేదు, రేషన్ కార్డు అక్కర్లేదు. 2020 మార్చిలో వయోవృద్ధుల రాయితీ ఆపేసినప్పుడు ఇదీ పోయిందని చాలామంది అనుకుంటున్నారు. పోలేదు.

స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పేషెంటుకు మూల ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు. సెకండ్ క్లాస్‌, ఏసీ చైర్‌కార్‌లలో ఇద్దరికీ 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీలలో ఇద్దరికీ 50 శాతం తగ్గుతుంది. మూల ఛార్జీ ఒక్కొక్కరికి వెయ్యి రూపాయలనుకుంటే థర్డ్ ఏసీలో ఇద్దరికీ కలిపి కట్టేది 250 మాత్రమే. రిజర్వేషన్ ఫీజు, సూపర్‌ఫాస్ట్ ఛార్జీ లాంటివి అదనం. కీమో తర్వాత ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి, స్థోమత ఉంటే స్లీపర్ రద్దీ కంటే థర్డ్ ఏసీయే మేలని నా అభిప్రాయం.

అన్నిటికీ మూలం ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్. రైల్వే నిర్ణయించిన నమూనాలోనే ఉండాలి, మామూలు లెటర్‌హెడ్ మీద రాసిచ్చింది చెల్లదు. పేషెంటు పేరు, వయసు, తండ్రి లేదా భర్త పేరు, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కి, చేరడానికా, చికిత్సకా, చెకప్‌కా అన్నది రాసి, డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర వేయాలి. చేతికిచ్చాక అక్కడే నిలబడి చదవండి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా? స్టేషన్ పేరు సరిగ్గా రాశారా? వెల్లూరు సీఎంసీ ఆసుపత్రికి వెళ్లేవారు దిగేది కాట్పాడిలో కదా, అదే రాయించాలి. ముద్ర మసకగా పడితే మళ్లీ వేయమని అడగండి. మొహమాటపడితే ఆ టెన్షన్ కౌంటర్ దగ్గర పడాల్సి వస్తుంది. రివ్యూ తేదీ ఇచ్చిన రోజే వచ్చే ప్రయాణానికి కూడా సర్టిఫికెట్ అడిగి తీసుకుంటే మంచిది.

తర్వాత రిజర్వేషన్ కౌంటర్‌కి వెళ్లి, ఒకే ఫారంలో ఇద్దరి పేర్లూ రాసి, పేషెంటు ఎవరో, తోడు ఎవరో స్పష్టంగా చూపించాలి. పేషెంటుకు కింది బెర్త్ అడగండి. పేషెంటును ఇంట్లో పడుకోబెట్టి మీరొక్కరే వెళ్లి టికెట్ తీసుకోవచ్చు. కానీ తోడు రాయితీతో ఒంటరిగా ప్రయాణించకూడదు.

తత్కాల్‌లో ఈ రాయితీ వర్తించదు. అందుకే తేదీ తెలిసిన వెంటనే బుక్ చేయండి. వెయిటింగ్ లిస్ట్ వస్తే, ఎమర్జెన్సీ కోటా కోసం ముందురోజే పీఎన్‌ఆర్ నంబరు, ఆసుపత్రి కాగితాల జిరాక్సులు జతచేసి డివిజనల్ రైల్వే కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. బెర్త్ ఖాయమని చెప్పలేం, అయినా అడగడం మానొద్దు.

ఓపీ చీటీ, ఇద్దరి ఆధార్ కార్డులు టీటీఈ అడగ్గానే అందేలా చేతిసంచిలోనే ఉంచుకోండి.