సప్తర్షి మండలాన్ని పక్క నుంచి చూడాలంటే

త్రీడీ నక్షత్ర పటం మొదటిసారి తెరిచినప్పుడు మౌస్ చక్రం గిరగిరా తిప్పి ఎటో వెళ్లిపోయాను. చుట్టూ చుక్కలే. సూర్యుడు ఏ మూలన ఉన్నాడో తెలియక ఒకటే టెన్షన్. అందుకే ముందు ఇంటిదారి నేర్చుకోండి. నేను వాడేది సెలెస్టియా అనే కంప్యూటర్ ప్రోగ్రామ్. 2001 నుంచీ ఉంది, ఉచితం. హెచ్ నొక్కితే సూర్యుడు ఎంపికవుతాడు, జీ నొక్కితే అక్కడికి చేరిపోతాం. ఈ రెండు మీటలు గుర్తుంటే చాలు.

ఇక అసలు సరదా. సూర్యుడి దగ్గరే ఉండి ఎంటర్ నొక్కండి, ఇంగ్లీషు అక్షరాల్లో మిజార్ అని కొట్టి మళ్లీ ఎంటర్. అదే మన వశిష్ఠుడు. సీ నొక్కితే తెర మధ్యకు వస్తాడు. స్లాష్ మీట నొక్కితే గీతలు పడి గరిటె ఆకారం కనిపిస్తుంది. ఇప్పుడు మౌస్ కుడి బటన్ పట్టుకుని మెల్లగా, చాలా మెల్లగా, పక్కకు లాగండి. మీరు వశిష్ఠుడి చుట్టూ తిరుగుతారు, గరిటె సాగిపోతుంది. మధ్యలోని ఐదు నక్షత్రాలు దాదాపు 80 కాంతి సంవత్సరాల దూరంలో గుంపుగా ఉంటాయి. కాడ చివర ఉన్న మరీచి 104, గరిటె అంచున ఉన్న క్రతువు 123 కాంతి సంవత్సరాల దూరంలో ఉండటంతో ఆ రెండూ గుంపును వదిలి జారిపోతాయి. నేను ఈ ఒక్క కదలికనే అటూ ఇటూ అరగంట ఆడించాను.

తర్వాత జీ నొక్కి వశిష్ఠుడి దగ్గరకే వెళ్లండి. హెచ్, సీ నొక్కి వెనక్కి చూస్తే సూర్యుడు కనపడకపోవచ్చు. అంత దూరం నుంచి మామూలు కంటికి ఆనడు మరి! కుడి వైపు చదరపు బ్రాకెట్ మీట కొన్నిసార్లు నొక్కితే మసక చుక్కలు బయటపడతాయి, వాటిలో ఒకటి మన సూర్యుడు.

ఒక హెచ్చరిక. ఇందులోని లక్షకు పైగా నక్షత్రాల దూరాలకు ఆధారం హిప్పార్కస్ ఉపగ్రహం 1989-93 మధ్య తీసుకున్న కొలతలు. వెయ్యి కాంతి సంవత్సరాల దగ్గరికి వచ్చేసరికి పొరపాటు సుమారు మూడో వంతు ఉండొచ్చు. కాబట్టి దూరపు నక్షత్రాల స్థానాలను మరీ నమ్మొద్దు. దాదాపు 180 కోట్ల నక్షత్రాలను నమోదు చేసిన గయా అంతరిక్ష టెలిస్కోప్ సమాచారం కావాలంటే గయా స్కై అనే మరో ప్రోగ్రామ్ వాడండి. మొదట చిన్న డేటా ప్యాకే దించుకోండి.

గెలాక్సీల దగ్గరకు మాత్రం ఎగురుకుంటూ పోవద్దు. సెలెస్టియాలో ఎఫ్7 నొక్కితే వేగం సెకనుకు ఒక కాంతి సంవత్సరం. ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం, అంటే కంప్యూటర్ ఆపకుండా 29 రోజులు నడవాలి. ఎంటర్ నొక్కి, ఆండ్రోమెడాకి ఇంకో పేరైన ఎం31 అని ఇంగ్లీషులో కొట్టి, మళ్లీ ఎంటర్, జీ నొక్కేయండి.