వానకి గరగర, దుబ్బకి బర్రు: ఓపెన్ జీపు వెనక స్పీకర్లు మొరాయిస్తే ఎక్కడ చూడాలి

టాప్ తీసేసిన థార్ కానీ, జిప్సీ కానీ, పాత మహీంద్రా జీపు కానీ, వెనక రోల్ బార్‌కి (సీట్ల మీదుగా ఉండే ఇనుప గొట్టాల చట్రం) మెరైన్ స్పీకర్లు, అంటే తడిని తట్టుకునేలా పడవల కోసం చేసే రకం, బిగించుకున్నాక మొదటి వానకే అవి మొరాయిస్తే చాలామంది సరుకే నకిలీది అనుకుని ఇంకో జత కొనేస్తారు. జర ఆగండి. చాలా స్పీకర్లలో వాటర్‌ప్రూఫ్ అనేది ముందు వైపు వరకే, అంటే కోన్, రబ్బరు అంచు, జాలీ. వెనక టెర్మినళ్లు తడవకుండా చూసుకోవాల్సింది బిగించేవాళ్లే. అందుకే కంప్లయింట్ ఏదైనా ముందు స్పీకర్ విప్పి దాని వీపు చూడండి.

సమస్య: వాన పడ్డాక, లేదా బండి కడిగాక గరగర. ఎండాక మళ్లీ మామూలే.

ఇది దాదాపు ఎప్పుడూ జాయింట్ దగ్గరి గొడవే. వైరు పైనుంచి నేరుగా టెర్మినల్‌లోకి దిగితే నీళ్లు దాన్నే పట్టుకుని లోపలికి పోతాయి. రెండు వైర్లు మెలేసి నల్ల టేపు చుట్టి వదిలేసిన జాయింట్ అయితే ఇంకా ఘోరం, రోహిణి కార్తె ఎండలకి టేపు జిగురు కరిగి ఊడిపోతుంది, మృగశిర వానలకి లోపలి రాగికి చిలుము పడుతుంది. టేపు విప్పితే పచ్చటి పొడి వేళ్లకి అంటుతుంది చూడండి, అదే.

ఆ రాగిని గీకి మళ్లీ కలపొద్దు. మెరిసే రాగి వచ్చేదాకా వైరు కత్తిరించండి, చిలుము తొడుగు లోపల చాలా దూరం పాకి ఉంటే వైరే మార్చేయండి. తగరం పూత ఉన్న వైరు, 1.5 స్క్వేర్ ఎంఎం అయితే బాగా సరిపోతుంది. జాయింట్ క్రింప్ చేసి (లోహపు గొట్టంలో వైర్లు పెట్టి గట్టిగా నొక్కి), లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడిగి వేడి చేయండి. రెండు చివర్లలో జిగురు సన్నటి అంచులా ఉబికి బయటికి కనిపించాలి, కనిపించకపోతే సీల్ కానట్టే. ఇక వైరుని టెర్మినల్ కంటే కిందికి ఒక వంపు తిప్పి అప్పుడు పైకి తీసుకెళ్లండి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ఖర్చు లేని పని, అయినా ఎక్కువ మంది వదిలేసేది ఇదే.

సమస్య: తక్కువ సౌండ్‌లో కూడా గీరుకున్నట్టు బర్రుమంటుంది.

స్టీరియో ఆపి, కోన్‌ని రెండు బొటనవేళ్లతో రెండు వైపులా సమానంగా, మెల్లగా నొక్కండి. లోపల గరుకుగా రాసుకుంటే కాయిల్ (కోన్‌ని కదిలించే తీగచుట్ట) సందులోకి దుబ్బ పోయింది, లేదంటే కాయిల్ కాలి ఉబ్బింది. రెండింటికీ మందు లేదు, స్పీకర్ మార్చాల్సిందే. నున్నగా కదిలితే మాత్రం బతికిపోయారు, బ్రాకెట్ బోల్టులు వదులై అదురుతున్నాయేమో చూసి నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి అదురుకి వదులు కానివి) వేయండి.

మన దగ్గర వాన కంటే దుబ్బే పెద్ద శత్రువు. దేవరకొండ, అచ్చంపేట వైపు చెల్క నేలల్లో మట్టిబాట పట్టి వెళ్తే ముందు బండి లేపే ఎర్ర దుమ్ము మొత్తం వెనక సీటు మీదే దిగుతుంది. కాబట్టి కొనేటప్పుడు ఐపీఎక్స్6 అని చూసి మురిసిపోకండి, ఐపీ తర్వాత మొదటి గుర్తు దుమ్ముకి, రెండోది నీళ్లకి, ఆ ఎక్స్ అంటే దుమ్ముకి రేటింగ్ ఇవ్వలేదని. ఐపీ66 లేదా ఐపీ67 అడగండి, మొదటి 6 దుమ్ము లోపలికి రాదని చెప్పే అంకె. అలాగని వాషింగ్ సెంటర్‌లో ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొట్టనివ్వకండి, ఆ ధాటికి ఈ రేటింగులు భరోసా కాదు.

సమస్య: రెండూ మోగుతున్నాయి, బేస్ మాత్రం లేదు.

ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారు అయ్యాయి. స్టీరియో నుంచి వైర్లు విడదీసి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకించండి. సెల్ ప్లస్, స్పీకర్ ప్లస్‌కి తగిలితే కోన్ బయటికి రావాలి. లోపలికి పోయినదాని వైర్లు మార్చండి.

సమస్య: నార్కట్‌పల్లి దాటి హైవే ఎక్కితే గాలి హోరే వినిపిస్తుంది, సౌండ్ పెంచితే పగిలిపోతుంది.

స్టీరియో డబ్బా మీద రాసే 50x4 (నాలుగు స్పీకర్లకి 50 వాట్ల చొప్పున) అనేది పీక్ లెక్క, నికరంగా వచ్చేది ఒక్కో స్పీకర్‌కి 20 వాట్ల చుట్టుపక్కలే. టాప్ లేని బండికి అది చాలదు. చిన్న ఫోర్ ఛానల్ ఆంప్ (స్పీకర్లకి బలం పెంచే డబ్బా) పెట్టి, హై పాస్ ఫిల్టర్‌ని (లోతైన బేస్‌ని ఆపే సెట్టింగ్) 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఉంచండి, లోతైన బేస్ బరువు తగ్గి మాటలు స్పష్టంగా వినిపిస్తాయి, కాయిల్ మీద భారం కూడా తగ్గుతుంది. అయితే మన్ననూరు దాటి అమ్రాబాద్ అడవిలోకి వెళ్లాక మాత్రం దయచేసి పాటలు పూర్తిగా ఆపేయండి. అది పులుల ఇలాకా.

సమస్య: స్టీరియో దానంతట అదే ఆగిపోతుంది.

పాత జీపుల్లో స్పీకర్ మైనస్‌ని బాడీకి ఎర్త్ చేసే అలవాటు ఉంది. ఇప్పటి స్టీరియోలకి అలా చేస్తే ఆగిపోతాయి, అవుట్‌పుట్ ఐసీ (స్పీకర్లని నడిపే చిప్పు) కూడా పోవచ్చు, రెండు వైర్లూ స్టీరియో దాకా లాగాల్సిందే. రోల్ బార్ రంధ్రంలో ఇనుప అంచుకి వైరు కోసుకుని బాడీకి తగిలినా ఇదే లక్షణం, కొత్త వైరు వేసి రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (అంచుని కప్పే రింగు) పెట్టండి.

ఆంప్ పెట్టాక పొద్దున్నే బ్యాటరీ డౌన్ అవుతుంటే రిమోట్ వైరు (స్టీరియోతో పాటు ఆంప్‌ని ఆన్, ఆఫ్ చేసేది) నేరుగా బ్యాటరీ కరెంటుకి కలిపి ఉంటారు, దాన్ని స్టీరియో వెనక ఉండే రిమోట్ వైరుకి మార్చండి. పనిలో పనిగా ఆంప్ పవర్ వైరుకి బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉందో లేదో చూడండి, లేకపోతే అది పెట్టేదాకా ఆ వైరు విప్పి ఉంచండి.