సంక్రాంతి సెలవులకు పిల్లోణ్ణి మంద దగ్గరికి తీసుకెళ్తున్నారా?

అనంతపురం వైపు వేరుశనగ పీకేసి కంది కూడా ముగింపుకొచ్చాక చేలు ఖాళీ అవుతాయి, గొర్రెల మందలు ఊరు దాటుతాయి. రాత్రికి చేలో మంద నిలిపితే ఎరువు రైతుకు, డబ్బో గింజలో మనకు. సరిగ్గా అప్పుడే బడికి సంక్రాంతి సెలవులు. మా ఇంట్లో పిల్లోడికి ఎనిమిదేళ్లు దాటితే ఆ సెలవుల్లో నాలుగు రాత్రులైనా మంద దగ్గర పడుకోవాల్సిందే. మా అబ్బ మా నాయన్ను తీసుకెళ్లాడు, నాయన నన్ను, నేను పోయినేడు నా కొడుకును. ఈసారి కూతురు కూడా కంబళి మడిచి పెట్టుకుంది. వాళ్ల జేజి గొణుగుతానే ఉంది.

జీవాలు, అంటే గొర్రెలూ మేకలూ, ఎక్కువగా ఈనేది ఈ చలికాలంలోనే. తోడేలు పిల్లల్ని పెట్టేదీ ఇప్పుడే. మంద నిండా లేత పిల్లలు, గుట్టల్లో ఆకలి నోళ్లు. అందుకే బయల్దేరే ముందు కొన్ని సంగతులు చూసుకోవాలి.

మా అబ్బ కాలంలో కాపలా అంటే తోడేలుకు ఉచ్చు పెట్టడం. సైకిలు బ్రేకు తీగతో ఉరి వేసి, కంపలో సందు వదిలి, దాని వెనక చచ్చిన గొర్రెపిల్ల కాలు కట్టేవాళ్లు. నాకు తొమ్మిదేళ్లప్పుడు తెల్లారకముందే ఆ ఉచ్చు చూడ్డానికి ఉరికాను. అందులో పడింది మా కుక్క కరియడు. తీగ నడుముకు దిగి బొచ్చులో కనపడకుండా పోయింది. నాయన కటింగ్ ప్లేయరుతో కోస్తుంటే నొప్పికి ఆయన చేతినే పట్టేసింది. మా ఇంట్లో ఉచ్చు పెట్టడం ఆ పొద్దుతో ఆగిపోయింది. చట్టం సంగతికొస్తే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలూ చిరుతా మొదటి షెడ్యూలులో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. పట్టినా చంపినా తక్కువలో తక్కువ 3 ఏళ్లు, 7 ఏళ్ల దాకా జైలు. కాబట్టి పిల్లలకు ఇప్పుడు నేర్పాల్సిన విద్య, ఎవరో పెట్టిన ఉచ్చును దూరం నుంచే పసిగట్టడం.

నన్నడిగితే తోడేలు కన్నా, చిరుత కన్నా ఎక్కువ భయపడాల్సింది అడవిపందులకని పెట్టే కరెంటు తీగకు. సన్నటి బైండింగ్ వైరు, మోకాలి కిందే ఉంటుంది. జానెడు కట్టె గూటాలకో, ఖాళీ సీసాలకో చుట్టి లాగుంటారు. పగలు మామూలు తీగే, రాత్రి మోటారు స్తంభం నుంచి కొక్కెం తగిలిస్తే ప్రాణం తీస్తుంది. చలికాలం మంచుకు గడ్డి తడిసి ఉంటుంది కాబట్టి ఇంకా ప్రమాదం. సౌరశక్తి కంచె సంగతి వేరు, సరిగా బిగించినదైతే ఆగి ఆగి ఝాడిస్తుంది తప్ప చంపదు. ఈ దొంగ తీగ అలా వదలదు.

మంద దింపే చేను చుట్టూ పొద్దుండగానే పిల్లోణ్ణి వెంటబెట్టుకుని ఒక చుట్టు తిరగండి. వరసగా చిన్న గూటాలు కనపడితే తీగ లేకపోయినా అటుపక్క దారి మానేయాలని చూపించి చెప్పండి. తర్వాత చేను రైతును నేరుగా అడగండి. "మీరు కరెంటు పెడతారా" అంటే ఎవరూ ఒప్పుకోరు. "అన్నా, పిల్లోడు నాతో ఉండాడు, చుట్టుపక్కల ఎవురన్నా పెడతారేమో చెప్పు" అంటే చెప్తారు. పోయినేడు ఒకాయన అట్లా అడిగాకే తలకాయ గీక్కుంటా తన తీగే చుట్టేసుకున్నాడు. ఎవరైనా తీగకు తగులుకుంటే పిల్లలు చేయాల్సింది ఉన్నచోటే నిలబడి గట్టిగా అరవడం, అంతే. నాయనైనా సరే ముట్టుకోకూడదు. ఈ మాట మూడుసార్లు చెప్పించుకోండి. కరెంటోళ్ల నంబరు 1912.

ఇంకొకటి పంది బాంబు. పిండి ఉండలోనో మాంసం ముక్కలోనో పేలుడు మందు చుట్టి గట్ల మీద పడేస్తారు. ఉండలాంటిది కనపడితే పిల్లలు కాలితో తన్నకుండా ఉండలేరు. చేలో దొరికింది ఏదీ ముట్టొద్దు, తన్నొద్దు. కుక్క నోట కరుచుకొస్తే దాని దగ్గరికి పోవద్దు.

ఇక పడక. పిల్లోడికి కాపలా పని ఇవ్వకండి. "నువ్వు ఆ మూల చూడు" అని కంచె అంచున పడుకోబెట్టేవాళ్లను చూశాను, అది సరదా కాదు. మంద చుట్టూ కట్టే వల లోపల, ఇద్దరు పెద్దోళ్ల నడుమ, మంచం మీద పడుకోబెట్టాలి. మంచం ఎందుకంటే కట్లపాము. అది రాత్రిపూట నేల మీద పడుకున్నోళ్లనే ఎక్కువ కరుస్తుంది. కరిచింది కూడా చాలాసార్లు తెలియదు. తెల్లవారుజామున పిల్లోడు కడుపునొప్పి అన్నా, రెప్పలు వాలిపోతున్నా, చలికేమోలే అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. కట్టు బిగించడం, కోయడం, మంత్రం, ఏదీ వద్దు. అంత దూరం మంచం మోయలేమంటే దోమతెరను పరుపు కిందికి గట్టిగా దోపండి.

కొండ పక్క చేను అయితే చిరుతను మనసులో పెట్టుకోవాలి. దాని కంటికి ఎత్తే లెక్క. నిలబడ్డ మనిషి జోలికి సాధారణంగా రాదు. వంగినవాడు, కూర్చున్నవాడు, పిల్లోడు దానికి మేకపిల్ల సైజే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత ఎత్తుకెళ్లాక, 15 ఏళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 దాటితే ఆ దారిలోకి వదల్లేదు, భక్తుల చేతికి కర్రలిచ్చారు. అంత జనం తిరిగే మెట్లదారిలోనే అలాగైతే మన బీడు సంగతి చెప్పేదేముంది? మునిమాపు వేళ పిల్లోడు చెంబు పట్టుకుని పొద చాటుకు ఒక్కడే పోతానంటే సిగ్గని వదిలేయకండి. నాలుగడుగుల దూరంలో లైటు వేసి నిలబడండి. ఎదురుపడితే పరిగెత్తకుండా పిల్లోణ్ణి భుజానికెత్తుకుని, కేకలేస్తూ, వెనక్కి తిరగకుండా అడుగు అడుగు తగ్గాలి. కుక్కను పిల్లోడి పక్కన పడుకోబెట్టడం కూడా మానండి, చిరుత వచ్చేదే చాలాసార్లు కుక్క కోసం.

తోడేలుది వేరే తెలివి. ఒకటి ఎదురుగా కనపడి కుక్కల్ని లాక్కుపోతుంది, ఇంకొకటి వెనకనుంచి గొర్రెపిల్లను లేపుతుంది. ఈ ఆట కాపరులందరికీ తెలుసు, పిల్లలకు తెలియదు. కనపడ్డదాని వెంట కట్టె తీసుకుని పరిగెత్తేస్తారు. పరిగెత్తొద్దు, అరుస్తూ మంద దగ్గరే ఉండమనండి. పొద్దున్నే అడుగులు చూపిస్తే భలే నేర్చుకుంటారు: గోళ్లు దిగినట్టుండి పొడుగ్గా ఉంటే తోడేలో కుక్కో, గుండ్రంగా ఉండి గోళ్లు లేకపోతే చిరుత. మా మందలో అయితే ఊరకుక్కలు చంపినన్ని జీవాలు తోడేళ్లు చంపలేదు. బొరియలో తోడేలు పిల్లలు కనపడితే చేయి పెట్టొద్దు, పొగ పెట్టొద్దు. మంద అక్కడినుంచి తీసేయడమే.

జీవం చచ్చిపోతే తోలు తీయకండి. చోటు కదిలించకుండా పట్ట కప్పి, ఫొటో తీసి, అటవీ శాఖ బీటు ఆఫీసరుకు, పశువుల డాక్టరుకు అదే రోజు చెప్పండి. పంచనామా, పోస్టుమార్టం లేకపోతే పరిహారం రాదు. తోడేలు తిని చావాలని కళేబరం మీద గుళికల పురుగుమందు చల్లేవాళ్లు ఇంకా ఉన్నారు. ముందు చచ్చేది మన కుక్కే, ఆ చేతుల్తోనే పిల్లోడికి ముద్ద కలిపేదీ మనమే.

మంద కుక్కలకు రేబీస్ టీకా బయల్దేరే ముందే వేయించండి. సామాన్లలో ఒక సబ్బు, నీళ్ల క్యాను విడిగా పెట్టండి. కుక్క, నక్క, తోడేలు, ఏది కరిచినా, గీరినా, 15 నిమిషాలు సబ్బు నీళ్లు ధారగా పోసి కడగాలి. సున్నం, కారం పెట్టొద్దు. అదే రోజు సర్కారు ఆసుపత్రి. లోతు గాయమైతే టీకాతో పాటు గాయంలోనే వేసే ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంజెక్షను ఉందా అని మీరే అడగండి. చర్మం పొరలోకే వేసే టీకా అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో. ఆ నాలుగోది పడేసరికి ఫిబ్రవరి వస్తుంది, గాయం మానిపోయుంటుంది, మీరు మందతో ఇంకో ఊళ్లో ఉంటారు, పిల్లోడు బళ్లో ఉంటాడు. కరిచిన రోజే ఇంట్లో క్యాలెండరు మీద ఆ తేదీకి సున్నా చుట్టించండి.